ఫోనులో కడుపు పరీక్ష

ముందే చెప్తాండాను, నేను గోరంత దాన్ని కొండంత చేస్తాను. మా యెమ్మిగనూరులో నా మాటను సగానికి కోసి, ఆ సగంలో సగం నమ్ముతారు. మీరూ అట్లే చేసుకోండి.

ఎనభైల మొదట్లో ఒక వానకాలం. ఆదోని ఆస్పత్రిలో మా అక్క మొగుడు కాంపౌండరు. పేషెంటు వేషం కట్టాల, రమ్మని కబురంపినాడు. డాక్టరు చదువు ఆఖర్న ఉన్న పిల్లలు ఆరుగురికి ఆడ పరీక్ష.

"నిజం రోగులు లేరా బావా?"

"ఉండారప్పా. వాళ్లు ఒక్కో డాక్టరుకు ఒక్కో మాట సెప్తారు. పిల్లలందరికీ ఒకే రోగం కనబడాల, అపెండిక్సు నొప్పి. నువ్వైతే నేయను మగ్గం గుంతలో దిగమన్నప్పుడల్లా కడుపునొప్పి అంటావు గదా, అలవాటున్న పనే."

పరీక్ష పెట్టాల్సిన పెద్ద డాక్టరు కర్నూల్లోనే ఆగిపోయినాడు. వాగులూ వంకలూ పొర్లి దారి తెగింది. తుంగభద్ర మా గడప కాడికొచ్చి చెప్పులు విడిచి, లోపలికి రాబోయిన వాన అది. ఇంక ఫోనులోనే కానిస్తానన్నాడు. పిల్లలు అడిగేదీ చేసేదీ పైకి చెప్తే, ఆయన విని మార్కులేస్తాడు. నేను బల్ల మీద పడుకుంటే, బావ రిసీవరును నా కడుపు మీద హారతి పట్టినట్టు పట్టినాడు.

మొదటి పిల్లోడు "ఎడమ పక్క నుంచి మెత్తగా నొక్కుతున్నాను సార్" అని గొంతెత్తి చదివినాడు. చేతులు రెండూ ప్యాంటు జేబుల్లో ఉన్నాయి. "శభాష్" అంది ఫోను. రెండోవాడు నొక్కినాడు గానీ, జొన్నరొట్టె తట్టినట్టు తట్టినాడు. ఒక్కొక్కరికీ ఒక్కో ట్రంకు కాలు, మూడే నిమిషాలు. లైను దొరికేదాకా నేను బల్ల మీదే. మధ్యాహ్నం దాటేసరికి కడుపు నాది కాదు. లేని నొప్పి చెప్పి చెప్పి నోరెండిపోయింది. ఇల్లు చేరితే చాలనిపించింది.

ఆఖర్న ఆస్పరి పక్క ఊరి పిల్ల వచ్చింది. ఇది తప్పితే ఆర్నెల్లు ఆగాలంట. అరచేతులు రుద్ది వెచ్చ చేసుకొని, నొప్పి లేని పక్క నుంచి మొదలుపెట్టింది. కళ్లు నా మొహం మీదే. నోట మాట లేదు. పొద్దుటి నుంచి నన్ను సరిగ్గా చూసింది ఆ పిల్ల ఒక్కతే. ఫోనుకు అది కనబడదు గదా.

"ఏమ్మా, ఏం చేస్తాండావు? నిద్రపోయినావా?"

"చూస్తాండాను సార్." మళ్లీ నా కడుపు మీదికే వంగింది.

"నువ్వు చూస్తే నాకేం వినబడుతుంది?"

అడిగినదానికే జవాబు చెప్పాలని బావ నూరుసార్లు చెప్పినాడు. నాకు ఓపికా లేదు. అయినా అరిచినాను. "ఎడమ పక్క ఏం లేదు తల్లీ! బొడ్డు కాడ కొంచెం! ఆ, కుడి పక్క కింద, ఆడనే! అమ్మో, నొక్కినప్పటి కంటే చెయ్యి తీసినప్పుడే ప్రాణం పోతాంది!"

ఆ కేకకు బయటున్న జట్కా గుర్రం ఆమడల దూరంలోని కౌతాళం దాకా పరిగెత్తింది.

"నోరు ముయ్యప్పా, పరీక్ష నీకు గాదు!" అని బావ పళ్లు కొరికినాడు.

ఫోను మాత్రం, "చెయ్యి సరైన చోటే పడినట్టుంది. పాస్" అంది.

గుర్రం సంగతి మీరెట్లాగూ నమ్మరు. జేబుల్లో చేతులు మాత్రం నిజం. నేను కల్పించింది ఆ "పాస్" అన్న మాట. నా కేక సగంలోనే మూడు నిమిషాలైపోయి లైను తెగింది. ఆయన ఎంతవరకు విన్నాడో, ఎన్ని మార్కులేసినాడో తెలీదు. తర్వాత బావను అడిగే ధైర్యం చాల్లేదు.

ఫోను మూగబోయినా ఆ పిల్ల చెయ్యి తియ్యలేదు. "నిజంగా నొప్పి ఉందా అన్నా?" అని మెల్లగా అడిగింది.

"ఉందమ్మా, ఇంతమంది నొక్కినాక. ఇంక చాలు" అన్నాను.