గంటెలు పట్టుకొని వచ్చిన అన్నలు

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే ఉండనివ్వండి, చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ కూడా వినొచ్చు. నాకు మీ చెవులు చాలు. ఆ రోజుల్లో, అంటే మన రాష్ట్రం వచ్చిన కొత్తలో, ఎవరి ఫోను నంబరు అయినా తలలోనే ఉండాలి అనుకునేదాన్ని నేను. (ఇప్పుడు నా సొంత చెల్లెలి నంబరు కూడా నోటికి రాదు, ఫోను చూసి చెప్తాను. నవ్వకండి, మీకు మాత్రం వస్తుందా?) ఇరవై రెండేళ్ల వయసు, ఏడో తరగతి చదువు, ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద ఒక టెంటుహౌసులో ఫోన్లు ఎత్తే పని. యాచారం పక్కన మా ఊరి నుంచి పొద్దున్నే బస్సెక్కితే, చెరువు మీది చల్లగాలి కిటికీలోంచి వచ్చి సగం నిద్రను మళ్లీ కప్పి పోయేది.

ఆ దుకాణం వెనక ఖాళీ జాగాలో షామియానాలు ఆరేసేవాళ్లు. వాటి నీడలోనే నా కుర్చీ. ఎర్రగుడ్డ కింద కూర్చుంటే నా చేతులు ఎర్రగా, పచ్చగుడ్డ కింద పచ్చగా ఉండేవి. గాలికి గుడ్డ కదిలితే రంగు ఒళ్లో నుంచి నేల మీదికి జారి, మళ్లీ వచ్చి ఒళ్లో కూర్చునేది. ఆ వెలుగులో ఫోను మోగితే కలలో ఎవరో పిలిచినట్టు ఉండేది. "హలో" అనగానే నాకు మనిషి కనిపించేవాడు: ఏ ఊరు, ఏ పని, పోయినసారి ఎన్ని కుర్చీలు అడిగాడు, ఎవరి పెళ్లిలో వానకు తడిసి తిట్టుకున్నాడు, అన్నీ. వంటవాళ్లు, బ్యాండువాళ్లు, ఫొటోలవాళ్లు, జనరేటర్ల వాళ్లు, అందరూ నా తలలోనే కాపురం. మా షామియానా సేటు అందరితో గొప్పగా చెప్పేవాడు, "మా పిల్ల ఒక్కసారి ఇన్నదంటే రాతి మీద గీసినట్టే."

అట్లాంటి మా దుకాణానికి ఒకరోజు ఇంజనీరమ్మ వచ్చింది. అసలు పేరు వేరే, నేనే అట్లా పిలిచేదాన్ని. ఆ ఊళ్లోని కాలేజీలో ఆఖరి ఏడాది చదువుతూ, మనుషుల పేర్లు, నంబర్లు, ఎవరు ఎప్పుడు ఎందుకు ఫోను చేశారన్నది దాచిపెట్టి, వాళ్లకు మెసేజులు కూడా పంపే సాఫ్ట్‌వేర్ ఒకటి తయారు చేసింది. దాంతో పరీక్ష పాసు కావాలి. అయితే వాళ్ల కళ్లద్దాల సారు ఒక మెలిక పెట్టాడట: చేసినవాళ్లు పక్కన నిలబడి చెప్తే ఎవరికైనా వస్తుంది, దాన్ని ఎన్నడూ చూడని మనిషి, నువ్వు రాసిచ్చిన పుస్తకం ఒక్కటే చదివి, నిన్ను ఒక్క మాట అడగకుండా వారం రోజులు వాడాలి, వచ్చే సోమవారం నేనొచ్చి చూస్తాను, కుదరకపోతే మళ్లీ ఏడాది చదువుకో అని. ఆ మాట చెప్పేటప్పుడు ఇంజనీరమ్మ చున్నీ కొస నములుతూ ఉంది. మళ్లీ ఏడాది అంటే ఆమెకు ఏమిటో నాకు ఆ నమలడంలోనే తెలిసింది. సేటు మాత్రం కుర్చీలోంచి లేవకుండానే నన్ను చూపించాడు. "గీ పిల్ల ఏడే సదివింది. గీమెకు వచ్చిందంటే పట్నం మొత్తానికి వచ్చినట్టే. పెట్టు గీమె ముంగట."

పెట్టింది. కంప్యూటరు పక్కనే పుస్తకం కూడా పెట్టింది, ముప్పై రెండు పేజీలు. పాపం, తెలుగులోనే రాసింది, నిఘంటువు పక్కన పెట్టుకొని మరీ రాసింది. "సంపర్క వ్యక్తుల వివరములను నిక్షిప్తపరచుటకు పూర్వము వర్గీకరణమును నిర్ధారించవలెను" అని మొదలైంది. ఆ వాక్యం చివరికి చేరేలోపు నా చాయ చల్లారింది. రెండో వాక్యానికి షామియానా రంగు ఒళ్లోంచి జారి గోడెక్కింది. మూడో వాక్యం దగ్గర నేను పుస్తకం మూసి, ఎవరూ చూడటం లేదు కదా అని అటూ ఇటూ చూశాను. సాయంత్రం ఇంజనీరమ్మ గడప దగ్గర నిలబడి, లోపలికి రాకుండా, అడగడానికి వీలున్న ఒక్క మాటే అడిగింది.

"పుస్తకం సమజైందా అక్కా?"

"అవ్, మస్తు సమజైంది."

కొంచెమే చదువుకున్నవాళ్లకు ఒక జబ్బు ఉంటుందండీ. ఏమీ చదువుకోనివాళ్లు తెలియదని హాయిగా చెప్తారు, బాగా చదువుకున్నవాళ్లు మళ్లీ చెప్పమని అడుగుతారు. మాకు మాత్రం అర్థం కాలేదు అనే మాట గొంతులోనే ఎండిపోతుంది. ఆ వారమంతా ఆమె రోజూ అడిగింది, నేను రోజూ అవ్ అన్నాను.

పని మాత్రం చేశాను, నా తెలివితో. తెర మీద పేరు అని ఒక గడి ఉంది, ఎర్రచుక్కతో, నింపకపోతే కదలదు. ఇక్కడ వచ్చింది చిక్కు. మా అమ్మీ మమ్మల్ని పెంచిన తీరు ఏమిటంటే, పెద్దవాళ్ల పేరు నోటితో తీయకూడదు, చేతితో అసలే రాయకూడదు. వంట చేసే ఆయనను నేను ఏనాడైనా పేరు పెట్టి పిలిచానా? అన్న అంటాను. అందుకే అన్న అని కొట్టాను. బ్యాండు ఆయనా అన్నే. జనరేటరు ఆయనా అన్నే. పెద్దవయసు రైతులు బాపు, మా ముస్లిం ఇళ్ల పెద్దవాళ్లు చాచా, ఆడవాళ్లు అక్క, వదిన, అవ్వ. రెండో అన్న దగ్గరే అది ఏదో అడిగింది: "ఈ నామము ఇదివరకే నమోదైనది. విలీనము చేయవలెనా?" కింద ఎర్రగా "కాదు", పచ్చగా "అవును". విలీనము అంటే నాకు తెలియదు. కానీ మంచిపని మొదలుపెట్టేటప్పుడు మొదటి మాట కాదు అనకూడదని కూడా అమ్మీయే చెప్పింది. పైగా అంత మర్యాదగా అడుగుతుంటే కాదని ఎట్లా అంటాం? పచ్చది నొక్కాను. అడిగినప్పుడల్లా నొక్కాను.

శుక్రవారానికి నా తలలోని జనమంతా అందులోకి వెళ్లిపోయారు. తెర పైన "మొత్తము వ్యక్తులు: 6" అని వచ్చింది. నిజం చెప్తున్నాను, నాకు తప్పని తోచలేదు. ఎర్రగుడ్డ నీడలో చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఒక అన్న, ఒక అక్క, ఒక బాపు, ఒక చాచా, ఒక వదిన, ఒక అవ్వ. ఎంత బాగుంది, ఇన్ని ఊళ్లు తిరిగి చూస్తే చివరికి ఒక్క ఇల్లే కదా అనిపించింది.

ఆదివారం యాచారంలో ఒక రైతు ఇంటి గృహప్రవేశం ఉంది. "గా కంప్యూటర్ పెట్టెలకెళ్లే వంటాయనకు మెసేజ్ పెట్టు, సోమవారం సారుకు సూపెట్టొచ్చు" అన్నాడు సేటు. ఒక్క వేలితో వెతికి వెతికి కొట్టాను: "అన్నా, ఆదివారం పొద్దున ఆరు గంటలకు యాచారం కొత్త ఇంటి కాడికి రా. గంటె తీసుకరా." అన్న అని ఉన్న చోట నొక్కి పంపించాను. మా దగ్గర గంజులు, అంటే పెద్ద వంటగిన్నెలు, కిరాయికి దొరుకుతాయి గానీ గంటెలు వంటవాళ్లవే, అదీ అందులో మాట.

మా ఊరు పక్కనే కాబట్టి సామాను దింపించడానికి ఆదివారం నేనే వెళ్లాను. తన సాఫ్ట్‌వేర్ చేసే మొదటి పని చూద్దామని ఇంజనీరమ్మ కూడా మొదటి బస్సుకే వచ్చింది. అప్పుడే తెల్లవారుతోంది. కందిచేల మీద పలచటి మంచు. ఆ మంచులోంచి వంట అన్న వచ్చాడు, భుజం మీద గంటె. ఆయన వెనక ఇంకొకాయన, చేతిలో గంటె. ఆ వెనక ఇద్దరు. కల ఏమో అనుకున్నాను. మొత్తం పదకొండు మంది అన్నలు వచ్చి కొత్త ఇంటి ముందు వరసగా నిలబడ్డారు, ఎవరి గంటె వాళ్లు పట్టుకొని. (మిగతావాళ్లు ఫోను చూసుకోలేదో, ఇంట్లో గంటె ఇయ్యలేదో.)

"ఏం చెల్లె, డప్పు బందువెట్టి పప్పు కలుపమంటవా?" అన్నాడు బ్యాండు అన్న.

"మా ఇంట్ల గింతదే ఉంది, నడుస్తదా?" అని ఫొటోల అన్న చాయ గంటె చూపించాడు.

"నేనైతే అట్లకాడ తెచ్చిన," అన్నాడు జనరేటరు అన్న.

"ఎందుకని ఒక్కలన్న ఫోన్ చేసి అడగొద్దా అన్నా?" అని అడిగాను.

"నువ్వు చెప్తే అడుగుడేంది? నువ్వు ఊకెనే చెప్పవు గద," అన్నాడు వంట అన్న. ఆ మాటకు నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఇంజనీరమ్మ ముఖం తడిసిన షామియానా లెక్క వేలాడిపోయింది. "అక్కా, అన్నలందర్ని ఏం చేసినవ్?"

"నేనేం చెయ్యలె. అది ఏందో అడిగింది, అవ్ అన్న."

"ఎన్నిసార్లు?"

"అడిగినన్నిసార్లు."

విలీనము అంటే కలిపేయడమట, నేను అవ్ అన్నప్పుడల్లా ఒక్కో అన్న నంబరు మొదటి అన్న కిందికే చేరి, మెసేజు అందరికీ పోయిందట. ఇంటావిడ, ముసలి అవ్వ, చీపురు పట్టుకొని బయటికి వచ్చింది. వరసను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. తిట్లు పడతాయని నేను కళ్లు మూసుకున్నాను. "ఇల్లు చేరేనాడు ఇంతమంది గంటెలు వట్టుకొని వచ్చిన్రంటే, గీ ఇంట్ల కుండ ఏనాడు ఖాళీగ ఉండదు. నిలవడ్డరేంది, కూసోన్రి, తిన్నంక పోదురుగని," అంది. పదకొండు మందీ తిన్నారు. తినే ముందు నిజంగానే తలా ఒకసారి పప్పు కలిపారు, తెచ్చినందుకు.

సోమవారం అద్దాల సారు వచ్చాడు. సేటు ఆగలేక గంటెల కథంతా చెప్పేశాడు. సారు నన్ను చూసి, "పుస్తకం చదివినవా అమ్మా? అర్థమైందా?" అన్నాడు. ఇంజనీరమ్మ నేల చూస్తోంది. తప్పు అక్కదే, పుస్తకం అర్థమైందని రోజూ చెప్పింది అని ఒక్క మాట అంటే ఆమె బయటపడేది. అనలేదు. మళ్లీ చున్నీ కొస నోట్లోకి పోయింది. ఆ చున్నీని చూశాక నా గొంతులో ఎండిపోయిన మాట దానంతటదే ఊడి పడింది.

"సమజ్ కాలె సారు. ఒక్క ముక్క సమజ్ కాలె. సిగ్గయి, అయిందని అబద్ధం చెప్పిన. నేను ముందుగాల్నే చెప్పి ఉంటే గీ పిల్ల దిద్దుకుంటుండె."

సారు అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "వారం రోజుల్లో పనికొచ్చిన మాట ఇదొక్కటే," అని ఆమె వైపు తిరిగాడు. "ఇంకో సోమవారం ఇస్తున్న. రాసేది నువ్వు, చెప్పేది ఈమె. కొత్త మనిషి కావాలె మళ్ల. ఈమె కాదు, ఈమెకు తెలిసిపాయె."

ఆ వారం నేను చెప్పడం, ఆమె రాయడం. షామియానా కింద ఇద్దరి ఒళ్లోనూ ఒకటే రంగు. ముప్పై రెండు పేజీలు నాలుగు పేజీలయ్యాయి. పేరు గడి కింద ఒక మాట చేరింది: "పెద్దవాళ్ల పేరు తీయలేకపోతే ఊరు, పని రాయండి. యాచారం వంట అన్న అని రాసినా చాలు." విలీనము పోయి, "ఇద్దరూ ఒక్క మనిషేనా? తెలియకపోతే వదిలేయండి, ఏమీ పాడు కాదు" వచ్చింది. పుస్తకం మొదటి పేజీలో ఏం రాయాలని ఆమె అడిగితే, మా ఇంట్లో కథ ఎట్లా మొదలుపెడతానో అదే చెప్పాను. "ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. ముందు ఒక్క మనిషితో మొదలుపెడదాం."

రెండో సోమవారం కొత్త మనిషిగా కూర్చున్నది ఎవరనుకున్నారు? వంట అన్నే. చేతులకంటిన పిండి దులుపుకొని, నాలుగు పేజీలు పెదవులు కదుపుతూ చదివి, ఎవరినీ ఒక్క మాట అడగకుండా పది మందిని పది మందిగానే ఎక్కించాడు. "సమజైందా?" అని సారు అడిగితే, "కాకుంటె కాలేదంటుంటిగని, నాకేం సిగ్గు?" అన్నాడు, ఓరగా నన్ను చూస్తూ. ఇంజనీరమ్మ పాసైంది. ఆ రోజు నోట్లోంచి బయటికి వచ్చిన చున్నీ కొస మళ్లీ లోపలికి పోలేదు.

మొన్నీమధ్య తుర్కయాంజాల్‌లో పరదాల దుకాణానికి వెళ్లాను. గల్లా దగ్గర కొత్తగా చేరిన పిల్ల కంప్యూటరు ముందు కూర్చొని, గొణుగుతూ చదువుతోంది. "ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి..." ఇంజనీరమ్మ సాఫ్ట్‌వేర్, మా నాలుగు పేజీలు ఆ దుకాణం దాకా వచ్చాయన్నమాట. నా చేతిలోని పరదా గుడ్డ అట్లాగే ఆగిపోయింది. కిటికీ ఎండకు దాని ఎరుపు నా వేళ్ల మీద పడింది. "సమజైతుందా బిడ్డా?" అన్నాను. "అవ్ ఆంటీ, ఎవరో మా అమ్మమ్మ లెక్కనే రాసిన్రు," అంది. నేనే అని చెప్పలేదు. అబద్ధమాడి, సిగ్గుపడి, పదకొండు మందిని చలిలో నిలబెట్టిన ఆ ఇరవై రెండేళ్ల పిల్లను ఆ ఎరుపులో కాసేపు చూసుకొని నవ్వుకున్నాను. తప్పు తప్పే. కానీ ఆరుగురే ఉన్న ఆ తెర మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడు కలలోకి వస్తుంది.

సరే, చిక్కుడుకాయలు అయిపోయినట్టున్నాయి, లేవండి. మీ పొయ్యి చల్లారకుండా ఉండాలి, మీ కుండ అడుగు కనిపించకుండా ఉండాలి. మీరు రమ్మంటే ఎందుకని అడగకుండా గంటె పట్టుకొని వచ్చే మనుషులు మీ వాకిట్లో ఎన్నడూ కరువు కాకూడదు.