పజుండాంగ్ దారిలో తెల్లబురద

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. మా ఊళ్ళో పూనకంతో ఊగుతున్న గణాచారికి కాల్లో తుమ్మముల్లు దిగితే, అమ్మవారి గొంతు మానేసి తన గొంతుతోనే "ఓలమ్మో" అని ఏడవడం చూసినదాన్ని. ఆ తర్వాత ఎవరేం చెప్పినా నమ్మలేదు. ఇప్పుడు చెప్పబోయేది కూడా వేరొకరికి జరిగిందంటే నమ్మేదాన్ని కాదు. నా మొగుడికి జరిగింది. ఆ బురద నా చేతులతో తుడిచాను.

అప్పటికి పెద్ద యుద్ధం ముగిసి కొన్నేళ్ళయింది. మేం శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి రంగూను వచ్చి, లత అనే పేటలో ఒక చీనావాడి దుకాణం మీది చెక్కగదిలో ఉండేవాళ్ళం. మా ఆయన పేరు అప్పన్న. ఊరి చివర పజుండాంగ్‌లో ఒక బియ్యం మిల్లులో ఫిట్టరు. ఇంటి నుంచి మిల్లుకు దారి నది వెంటే పోతుంది. దారి పొడుగునా చదునే. గోళీ పెట్టినా దొర్లదు.

ఆ మిల్లుకు ఇంజనీరు ఒక ఇంగ్లీషు దొర. ఆయన తమ్ముడు యుద్ధంలో పోయాడు. శవం కూడా దొరకలేదట. ఆ కుర్రాడికి సైకిలంటే ప్రాణమట. వాళ్ళ ఊరి చుట్టూ ఉన్న కొండదారులన్నీ దాని మీదే తిరిగేవాడట. కొడుకు సైకిలును ఇంట్లో చూడలేక తల్లి దాన్ని ఓడలో పెద్దకొడుక్కి పంపేసింది. పెద్దకొడుకూ చూడలేక మిల్లు గోదాములో పడేశాడు. మా ఆయన దాని తుప్పు వదిలించి, గొలుసు బాగుచేస్తే, "నువ్వే తొక్కుకో, నా కళ్ళ ముందు మాత్రం ఉంచకు" అన్నాడు దొర.

మాకు అది పండగే. అంతవరకూ ఎండలో నడిచి వెళ్ళే మనిషి ఇక సైకిలు మీద వెళ్ళేవాడు.

వారం తిరక్కుండానే ఆయన తొడలు పట్టేయడం మొదలైంది. సాయంత్రం రాగానే గోడకు చేరగిలబడి కాళ్ళు చాపేసేవాడు. నేను నూనె రాసేదాన్ని.

"సదును రోడ్డు మీద సైకిలు తొక్కితే ఇంత నొప్పేటి మావా?" అని అడిగాను.

"సదునేటే? ఎన్ని మిట్టలెక్కి దిగాలో నీకేటి తెలుసు" అన్నాడు.

వేళాకోళం అనుకున్నాను. ఆయన నవ్వలేదు. ఊరు దాటి మిల్లుల వైపు తిరగగానే రోడ్డు పైకి లేస్తుందట. రెండు పక్కలా పచ్చగడ్డి కొండలు, ఒకదాని వెనక ఒకటి. "మనూరి సముద్రంలో కెరటాలు ఉన్నవి ఉన్నట్టు ఆగిపోయి, వాటి మీద గడ్డి మొలిచినట్టుంటాదే" అన్నాడు. ముళ్ళపొదల కంచెలు, గొర్రెలు, సున్నంలా తెల్లటి మట్టిదారి. ఎంత ఎండాకాలమైనా అక్కడ చలి, మంచు. ఆఖరి దిగుడులో చదరపు గోపురం ఉన్న చర్చి పక్కన మలుపు తిరిగితే మిల్లు గేటు. వేళకు ముందే చేరేవాడు. కానీ కొండ ఎక్కినవాడిలా రొప్పుతుండేవాడు.

ఎండదెబ్బ తగిలిందేమో అని మజ్జిగ ఇచ్చాను. మర్నాడు సైకిలు తుడుస్తుంటే చక్రాల ఊచల మధ్య తెల్లటి బురద కనిపించింది. రంగూను మట్టి ఎర్రన. వేళ్ళతో నలిపితే ఇది సుద్దలా పొడైంది. అప్పటికి నెలల తరబడి చుక్క వాన లేదు. బురద ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అంతుపట్టలేదు. కింద దుకాణం పక్క వాటాలో చేపల ఊరగాయ అమ్మే బర్మా ఆవిడ డా ఖిన్‌ని పిలిచి చూపించాను. డా అంటే వాళ్ళలో అమ్మగారు అన్నట్టు. ఆవిడ వాసన చూసి, తల అడ్డంగా ఊపింది.

ఆ బురదే ఒకరోజు దొర కంట పడింది. గోరుతో గీకి, చేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడట. ఎక్కడికి వెళ్ళావని అడిగితే మా ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు. మాట చర్చి మలుపు దాకా వచ్చేసరికి దొర ముఖం పాలిపోయి బియ్యం బస్తాల మీద కూలబడ్డాడట. అది వాళ్ళ ఊరు. ఆ కొండలు, ఆ దిగుడు, ఆ గోపురం అన్నీ వాళ్ళవే.

అప్పటి నుంచి మా ఆయనకు పని తగ్గింది, దొర దగ్గర కూర్చోవడం ఎక్కువైంది. ఇవాళ ఏ దారి, కుడికా ఎడమకా, వంతెన వచ్చిందా, ఎవరైనా కనిపించారా అని దొర రోజూ అడిగేవాడట.

ఒకరోజు మా ఆయన, "ముందర ఒక కుర్రాడు తొక్కుకుంటూ ఎల్తన్నాడు దొరా, టోపీ పెట్టుకున్నాడు" అన్నాడట. తను ఒక మిట్ట ఎక్కేసరికి ఆ కుర్రాడు తరవాతి మిట్ట మీద ఉంటాడని, ముఖం కనిపించదని చెప్పాడట.

దొర ఆయన భుజాలు పట్టుకుని, "అందుకో. ఎలాగైనా అందుకుని, ఎక్కడున్నావని అడుగు. మా అమ్మకు చెప్పాలి" అన్నాడట.

ఇక చూడాలి నా పాట్లు. రోజూ ఆ కుర్రాణ్ణి తరమడమే ఆయన పని. అన్నం సయించేది కాదు. దగ్గితే రక్తం పడింది.

"మావా, ఆ సైకిలు ఆ దొర మొకాన కొట్టీ. నడిసి ఎల్లు" అన్నాను.

"నడిసెల్తే దొర ఒప్పుతాడేటే? పన్నోంచి తీసెత్తే ఏటి తింతాం?" అన్నాడు.

నేనే మిల్లుకు వెళ్ళి దొర కాళ్ళ ముందు కూర్చున్నాను. ఆయనకు వచ్చిన హిందుస్తానీ నాకూ వచ్చు. నా మనిషి చచ్చిపోతాడని చెప్పాను. దొర చెడ్డవాడిలా మాట్లాడలేదు. "ఈ వారం ఒక్కటే. వాడు దగ్గరలోనే ఉన్నాడు, ఇప్పుడు ఆపమనకు" అని బతిమాలాడు. వాళ్ళు బతిమాలినా మనకది హుకుమే కదా.

ఆ సాయంత్రం మా ఆయన అన్నం ముందు కూర్చుని చాలాసేపు కలుపుతూనే ఉన్నాడు.

"ఈయేల బాగా దగ్గరికెల్లాను. ఎనక్కి తిరిగి సూసాడు. మీసాలైనా నేవే, సిన్న గుంటడు. నన్ను సూసి దడుసుకున్నాడే. ఎవలో తరుముకొత్తన్నారనుకున్నట్టున్నాడు, ఇంకా గట్టిగా తొక్కీసాడు" అన్నాడు.

"సచ్చినోడికి బయమేటి?" అన్నాను.

"నాకూ అదే తెలడం నేదు. పాపం అనిపించింది" అన్నాడు.

మర్నాడు పొద్దున్న వెళ్ళిన మనిషి మిల్లు గేటు దాకా చేరలేదు. రోడ్డు పక్కన సైకిలును వాటేసుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. కబురు విని డా ఖిన్, నేను పరిగెత్తాం. తారు కరిగే ఎండ. ఆయన చొక్కా మంచులో తడిసినట్టు చెమ్మగా ఉంది. నేను చెయ్యి పట్టుకుంటే ఐసుగడ్డ పట్టుకున్నట్టు జిల్లుమంది. డా ఖిన్ నుదురు ముట్టుకుని, "అమలే!" అని వాళ్ళ భాషలో అమ్మో అంటూ చెయ్యి వెనక్కి లాక్కుంది. చెప్పుల నిండా ఆ తెల్లబురదే.

మిల్లు పంపిన డాక్టరు చూసి వడదెబ్బ అన్నాడు. ఆ చల్లటి చెయ్యి పట్టుకునే ఆ మాట అన్నాడు.

దహనం అయిన మర్నాడు దొర మా గదికి వచ్చాడు. నేను ఎలా బతుకుతానని అడగలేదు. పోయేముందు ఏమైనా చెప్పాడా, అందుకున్నాడా అని అడిగాడు. నేను దాచలేదు. మీ తమ్ముడు నా మొగుణ్ణి చూసి భయపడ్డాడు, పారిపోతున్నాడు, మీరే తరిమించారు అని చెప్పాను. దొర మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకు జాలి రాలేదు. తెచ్చుకోవాలనీ అనిపించలేదు. లేచి సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత నేను అదే మిల్లులో ఊక ఎత్తే పనికి కుదిరాను. రోజూ పొద్దున్న దొర ఆ సైకిలు మీద అదే రోడ్డు తొక్కుతూ కనిపించేవాడు. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుపోయేది. చక్రాలకు ఎర్రదుమ్మే. ఒకసారి నా దగ్గర ఆపి, "ఆ దారి కనబడేముందు నీ మొగుడు ఏం చేసేవాడు? ఏమైనా తలుచుకునేవాడా?" అని అడిగాడు.

"పనికి ఎల్లేవాడు బాబూ" అన్నాను.

ఆ వానాకాలం దొర సెలవు పెట్టి వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు. సైకిలును వెంట తీసుకెళ్ళాడో, నదిలో పారేశాడో తెలియదు. మళ్ళీ ఎవరూ చూడలేదు.

ఇన్నేళ్ళయినా నాకు అర్థం కాదు. సొంత అన్నకు కనిపించని దారి, ఆ దేశం పేరైనా సరిగా పలకలేని నా మొగుడికే ఎందుకు కనిపించిందో ఎవరూ చెప్పలేదు. గుళ్ళో పూజారిని అడిగాను, బర్మావాళ్ళ బౌద్ధసన్యాసి ఫొంజీని అడిగాను. ఇద్దరూ నా కళ్ళలోకి చూడకుండా ఏదో చెప్పి పంపేశారు. దయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. జరిగింది మాత్రం ఇది.

ఆ రోడ్డు మీదే నేను ఇప్పటికీ పనికి నడిచి వెళ్తున్నాను. ఎక్కడా ఒక్క మిట్టయినా లేదు.