చచ్చిన బూజు అప్పగింత

ఆ సోమవారం సంచుల బాబాయి అడవిలోంచి తవ్వి తీసిన సంచిలో ఐదు గ్రాములకు ఒకటింబావు గ్రామే మిగిలింది. ఆయన ఉలిక్కిపడలేదు. ప్రయోగశాలలో పెంచి, చంపి, ఎండబెట్టిన బూజును వేలెడంత నైలాను వల సంచుల్లో కుట్టడం, ఎర్రదారం కట్టి అడవి మట్టిలో జానెడు లోతున పాతడం, కొన్ని వారాల తర్వాత తవ్వి, పాత పళ్ల బ్రష్షుతో మట్టి దులిపి, ఎంత కుళ్లిందో తూచడం ఇరవై రెండేళ్లుగా ఆయన ఉద్యోగం.

"ఇంట్లో గోడకు పట్టిన బూజు తుడవమంటే చెయ్యి రాదు. చచ్చినదాన్ని మాత్రం అడవిదాకా మోసుకెళ్లి పూడ్చిపెడతారు" అనేది భార్య.

రెండు నెలల్లో రిటైర్మెంటు. చేతికిచ్చిన సరుకంతా అప్పజెప్పినట్టు స్టోర్సు ఆఫీసరు సంతకం పెడితేనే పెన్షను. కొత్తగా వచ్చిన ఆ ఆఫీసరు పుస్తకం తిరగేశాడు. ఇచ్చిన బూజు రెండు వందల గ్రాములు, ఉన్నది డెబ్బై.

"మిగతా నూట ముప్పై ఏదయ్యా?"

"కుళ్లిపోయింది సార్. కుళ్లడానికేగా పాతింది."

"ఎవరో తినందే ఎలా తగ్గుతుంది?"

"సూక్ష్మజీవులు తిన్నాయండి. బతికున్న బూజు కూడా చచ్చిన బూజును తింటుంది."

"సొంతవాళ్లనే?"

"మనుషుల్లో లేదా సార్?"

ప్రయోగశాల పెద్ద మేడమ్ ఆరు పేజీల వివరణ రాసి పంపింది. అది వెళ్లినంత వేగంగానే తిరిగొచ్చింది, మార్జిన్లో ఒక ముక్కతో: 'ఆరు పేజీల్లో ఎక్కడా దొంగ పేరు లేదు.'

దొంగను పట్టాలని ఆఫీసరే రంగంలోకి దిగాడు. ప్రయోగశాల నుంచి కొత్తగా తెప్పించిన తెల్ల బూజు సంచి ఒకటి, నల్ల బూజు సంచి ఒకటి, ఐదేసి గ్రాములు తూచి, లక్క సీలు వేసి, దగ్గరుండి పాతించాడు. ఆ గుంట మీద కుర్చీ వేయించి వాచ్‌మన్‌ను కూర్చోబెట్టాడు.

"బాబాయ్, చచ్చినోళ్లకి కాపలా కాశాను గానీ చచ్చిన బూజుకి కాయడం ఇదే మొదలు" అన్నాడు వాచ్‌మన్.

నలభై రోజులకు తవ్వారు. సీళ్లు చెక్కుచెదరలేదు. తెల్లది ఒకటింబావు, నల్లది మూడున్నర. ఆఫీసరు వాచ్‌మన్ పొట్టవైపు చూశాడు.

"నిజం చెప్పు. నువ్వు తిన్నావా?"

"తినేవాణ్ణయితే నల్లది మాత్రం ఎందుకు మిగులుస్తాను సార్? నాకు రంగు పట్టింపు లేదు."

నల్లదానిలోని రంగు తొందరగా అరగదని సంచుల బాబాయి చెప్పబోయాడు. ఆఫీసరు వినలేదు. రిటైర్మెంటుకు ఇంకా పదకొండు రోజులే.

ఇంటికొచ్చి ఆయన అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతుంటే భార్య అంది: "పోయినేడు మీ విరిగిన బల్లని ఆఫీసువాళ్లు కట్టెల కింద జమ చేసుకున్నారు కదండీ? అలాగే ఇది కూడా ఏదిగా మారిందో దాని కిందే ఇచ్చేయండి."

మర్నాడు ఆయన ఆ సంచులు పాతిన చోటునుంచే మట్టి తెచ్చి, నూట ముప్పై గ్రాములు తూచి, ఆఫీసరు బల్ల మీద పెట్టాడు. అప్పగింత ఫారంలో 'ప్రస్తుత స్థితి' అన్న గడిలో 'మట్టి' అని రాశాడు.

ఆఫీసరు చాలాసేపు చదివాడు. గడి ఖాళీగా లేదు. అది ఆయనకు నచ్చింది.

"అంతా మట్టే అయిందా?"

నిజం చెప్పే అలవాటు సంచుల బాబాయి కొంప ముంచింది. "లేదండి. చాలావరకు గాలిలో కలిసిపోతుంది."

"మరి అదేదీ?"

సంచుల బాబాయి ఒక ఖాళీ సీసా పట్టుకుని అడవికి వెళ్లాడు. సీసా మూత తీసి, గుంట మీద కాసేపు పట్టుకుని, బిగించి తెచ్చాడు. ఆఫీసరు దాన్ని వెలుతురుకెత్తి చూశాడు, ఒకసారి ఊపాడు.

"నిండా ఉందా?"

"అంచుదాకా ఉంది సార్."

ఆఫీసరు సంతకం పెట్టి, ముద్ర కొట్టాడు. స్టోర్సు పుస్తకంలో ఆ రోజు జమ: మట్టి, 130 గ్రాములు. గాలి, సీసా ఒకటి, మూతతో సహా.