ఆయమ్మ చేతుల్లో టీచరమ్మ

మా అత్తగారు జన్మలో బడి గడప తొక్కలేదు. అలాంటి మనిషిని ఆయమ్మ "టీచరమ్మా" అని పిలిస్తే మొదట నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది. ఇప్పుడు భయమేస్తోంది.

మంచం పట్టిన అత్తయ్యను చూసుకోవడానికి ఆయమ్మను పెట్టుకున్నాం. ఆమెకే వయసు అరవై దాటింది. అంతకుముందు ఏళ్ళ తరబడి ఒక టీచరమ్మను చూసుకుంది. ఆవిడ ఈమె చేతుల్లోనే పోయింది. మధ్యలో కదిలించనంతసేపూ ఆయమ్మ పనికి వంక పెట్టలేం. తినిపిస్తుండగా ఫోన్ మోగిందా, అంతే సంగతులు. లేచి వెళ్ళిన మనిషి తిరిగొచ్చేది మా ఇంటికి కాదు, టీచరమ్మ ఇంటికి. టీచరమ్మకు వెలుతురు గిట్టేది కాదట, ఎండంటే ప్రాణమిచ్చే అత్తయ్యకు కిటికీ తెర లాగేస్తుంది.

"వయసులో ముగ్గుర్ని ఒంటిచేత్తో చూసేదాన్నమ్మా," అంది ఒకసారి తనే. "ఇప్పుడు ఒక పని వదిలి ఇంకోటి పట్టుకుంటే మొదటిది దొరకదు."

మొన్న పని మధ్యలో ఎవరికో తలుపు తీసి వచ్చి, టీచరమ్మకు పట్టినట్టే పడుకోబెట్టి నీళ్ళు పట్టింది. అత్తయ్యకు పొరబోయి ఊపిరాడలేదు. ఇక మాన్పించెయ్యాలనుకున్నాను.

ఆ మాట చెబుదామని మధ్యాహ్నం వెళ్తే గదంతా చీకటి.

"టీచరమ్మా, నా మీద కోపమా?" అంటోంది ఆయమ్మ.

"కోపమెందుకే పిచ్చిదానా? భోంచేశావా?"

గుమ్మంలోనే ఆగిపోయాను. మా అత్తగారిది కంచు గొంతు. నా పెళ్ళయిన దగ్గర్నుంచి నన్ను తిన్నావా అని అడిగిన పాపాన పోలేదు. ఆవిడ నోట ఆ మెత్తటి గొంతు నేనెన్నడూ వినలేదు.

ఆయమ్మ ఇంటికెళ్ళాక నిలదీశాను. "ఏంటత్తయ్యా ఈ నాటకం? టీచరమ్మ చనిపోయిందని చెప్పెయ్యొచ్చుగా."

"చెప్పాను. చెప్పిన ప్రతిసారీ అప్పుడే పోయినట్టు ఏడుస్తుంది. ఆవిణ్ణి రోజూ చంపడం నా వల్ల కాదు."

"మొన్న మీరే పోయేవారు."

"అయితే నువ్వొచ్చి పక్కన కూచో. నీళ్ళు నువ్వు పట్టు."

ఆయమ్మను మాన్పించలేదు. నీళ్ళు నేనే పడుతున్నాను. ఆ ఇద్దరి మధ్యా కూర్చుంటే ఇల్లు నాది కానట్టుంటుంది. నిన్న ఆయమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఈవిడెవరు టీచరమ్మా?" అంది.

"మా అమ్మాయి."

ఎప్పుడూ కోడలిపిల్ల అనే పిలుపే తప్ప ఆ మాట నేనెరగను. గ్లాసెత్తి ఇంకో గుక్క నీళ్ళు పట్టాను. అన్నది మా అత్తగారా, టీచరమ్మా అని అడగడానికి మాత్రం ధైర్యం చాలలేదు.