ఊచల గుట్ట అవతలి చప్పుడు

ఒట్టు వెయ్యను. ఒట్టు సాక్ష్యం కాదని, భూతవైద్యమంతా బూటకమని వేదికలెక్కి వాదించినవాణ్ణి. జరిగింది జరిగినట్టు చెబుతాను... నమ్మకపోతే మానండి. అబద్ధమని మాత్రం అనకండి.

సామర్లకోటలో, రైలు పట్టాల పక్కన ఒక యార్డులో నా ఉద్యోగం. ఇనుప ఊచల్ని లావును బట్టి వేరుచేస్తాం. ఏ లావుకు ఏ రంగో, ఆ రంగు చివర పూస్తాం. కట్టలు కట్టి, క్రేన్‌తో వ్యాగన్లలోకి ఎక్కిస్తాం. కట్టల గుట్ట మనిషి కంటే ఎత్తు. అవతల కట్ట రెండు చివర్లకూ క్రేన్ తాడు తగిలించేవాడు నాకూ కనబడడు, క్రేన్ నడిపేవాడికీ కనబడడు. ఇంజన్ హోరులో మాట వినబడదు. అందుకే ఇవతల నేను సుత్తితో ఊచల మీద ఒక దెబ్బ కొడతాను. అవతలివాడు పక్కకు తప్పుకున్నాక రెండు కొడతాడు. అప్పుడే ఎత్తాలి.

ఆ రాత్రి అప్పుడే వాన వెలిసింది. సత్తిబాబు తాడు భుజాన వేసుకుని అవతలికి వెళుతూ నవ్వాడు.

"ఇక్కడ పోయినోళ్ళు తిరుగుతారంటండి. కనబడితే మీ దగ్గరికి పంపుతాను, ఉపన్యాసం చెప్పండి."

"పంపు. ముందు తాడు సరిగ్గా వెయ్యి."

కాసేపాగి ఒక దెబ్బ కొట్టాను. టంగ్...

ఏమీ లేదు...

టంగ్... టంగ్.

చెయ్యెత్తాను. క్రేన్‌లో ఉన్న నూకరాజు కట్ట లేపాడు. కట్ట ఒక్కసారిగా ఒక పక్కకు ఒరిగింది. రెండో చివర తాడే లేదు! నూకరాజు ఠక్కున ఆపాడు.

గుట్ట పక్కనుంచి సత్తిబాబు పాక్కుంటూ వచ్చాడు. చొక్కా చెయ్యి చిరిగి వేలాడుతోంది.

"ఎందుకెత్తారండి? నేనింకా కట్ట కిందే ఉన్నాను కదండీ!"

"రెండు కొట్టావు కదయ్యా!"

"రెండు చేతులూ తాడు మీదున్నాయండి. దేంతో కొడతాను?"

నూకరాజు కట్ట నేలకు దించి, ఇంజన్ ఆపి దిగాడు. "నేనూ విన్నానండి" అన్నాడు.

టార్చి వేసి గుట్ట చుట్టూ తిరిగాను. ఎవరూ లేరు. తడి మట్టిలో సత్తిబాబు అడుగులే.

"ఇనుము చల్లబడితే చప్పుడు చేస్తుంది" అన్నాను.

"చేస్తే చేసింది గానీ, మన లెక్క దానికెలా తెలిసిందండి?" అన్నాడు సత్తిబాబు.

పరీక్షించకుండా ఏదీ ఒప్పుకోను. ముగ్గురం ఇవతలే నిలబడ్డాం. ఒకే దెబ్బ కొట్టి, ఊచల మీద అరచెయ్యి ఆనించాను. ఎక్కడో కప్పలు... అవీ ఆగాయి... ఇనుము చల్లగా, కదలకుండా...

టంగ్... టంగ్.

ఆ అదురు మోచేతి దాకా పాకింది. ప్రతిధ్వనైతే ఒకదానికి ఒకటే రావాలి.

మనిషి ముఖం కనబడనిదే కట్ట ఎత్తకూడదని అప్పటికప్పుడు నియమం పెట్టాను. దెయ్యాలు లేవు... ఇప్పటికీ అదే అంటాను. మరి అదేమిటి? తెలియదు. కింద మనిషి ఉండగా, అది ఎత్తమంది. అంతవరకే తెలుసు.