బావ కట్టిన వాల్వ్

ఈ సంగతి యూనియన్ ఆఫీసులో చెప్పాను, కంపెనీ పెద్దలకు చెప్పాను. ఇన్నేళ్లలో ఒక్కరూ చివరిదాకా వినలేదు. దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు.

కలకత్తాలో ప్రతి గేటుకీ ఎర్రజెండా ఉన్న రోజులవి. ఏక్‌బాల్‌పూర్ దగ్గర ఒక గోడౌన్‌లో మా అక్క భర్త అప్పలస్వామి ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. నేను అక్కడే మెకానిక్‌ని. ఆ బండి ప్రొపేన్ గ్యాస్‌తో నడుస్తుంది, సిలిండర్ వెనక ఉంటుంది. పని అయ్యాక అందరూ తాళం తిప్పి వెళ్లిపోయేవారు. బావ మాత్రం ముందు సిలిండర్ వాల్వ్ కట్టేసి, గొట్టంలో మిగిలిన గ్యాస్ అయిపోయి ఇంజను రెండుసార్లు దగ్గి ఆగేదాకా కదిలేవాడు కాదు. నేను విసుక్కుంటే నవ్వేవాడు.

"అంత తొందరేటి బామ్మర్దీ? గొట్టంలోది తాగీసి అదే తొంగుంటాది."

వాల్వ్ కట్టేసినా సిలిండర్ మెడ దగ్గర గ్యాస్ వాసన వస్తోందని బావ ఫోర్‌మన్‌కి చాలాసార్లు చెప్పాడు. చూద్దాంలే అన్నాడాయన. ఒక ఉదయం బండి పెట్టే షెడ్డు నిండా గ్యాస్. జలుబుతో బావకి వాసన తెలియలేదు. రోజూలాగే బండికి అగరొత్తులు వెలిగించబోయి కాలిపోయాడు.

ఆసుపత్రిలో నాతో అన్న చివరి మాట, "నాను కట్టీసినాన్రా."

వాల్వ్ కట్టడం మరిచాడని, తప్పు అతనిదేనని ఫోర్‌మన్ తేల్చేశాడు. పరిహారం అడగడానికి వెళ్తే అక్కకి కుర్చీ కూడా చూపించలేదు. ఎదురుగా కుర్చీ ఖాళీగానే ఉంది. తిరిగొస్తుంటే ట్రాములో అక్క అడిగింది.

"నిజంగా మర్సిపోనాడేటిరా?"

నా దగ్గర రుజువు లేదు.

కాలిన భాగాలు, సిలిండర్ మార్చి బండిని మళ్లీ పనిలో పెట్టబోయారు. స్టార్ట్ కాలేదు. నా చేతకానితనమే అన్నాడు ఫోర్‌మన్. బ్యాటరీ బాగుంది. ప్లగ్గులో నిప్పురవ్వ వస్తోంది. సిలిండర్ నిండుగా ఉంది. వాల్వ్ మాత్రం గట్టిగా కట్టేసి ఉంది. కాసేపటి ముందే దాన్ని తెరిచింది నేనే. మళ్లీ తెరిచాను, మళ్లీ అంతే.

చివరికి ఫోర్‌మన్ నన్ను దూరంగా నిలబెట్టి తనే తెరిచాడు. ఇంజను అందుకుంది. పట్టపగలు, బండి దగ్గర ఆయన తప్ప ఎవరూ లేరు. కాసేపటికి ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. చూస్తే వాల్వ్ బిగించి ఉంది.

"కే బొంధో కొర్లో?" అన్నాడు, ఎవరు కట్టారని. గొంతులో ఆ పాత పొగరు లేదు.

తర్వాత బండిని తుక్కుకి అమ్మేశారు. బావ మీద వేసిన నింద మాత్రం తీయలేదు.

అదెలా జరిగిందో నాకిప్పటికీ తెలియదు. కానీ మా బావ మరిచిపోయే మనిషైతే, ఆ రోజు కట్టిందెవరు? నాకు చెప్పకపోయినా ఫర్వాలేదు. అక్క కలకత్తా పక్కనే లిలువాలో ఉంటోంది. ఎవరైనా వెళ్లి, ఆమెని కూర్చోబెట్టి, బావ మరిచిపోలేదని చెప్పండి.