సూర్యుడి మచ్చలూ, మా ప్రముఖూ

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఎండాకాలంలో సూరత్‌లో మగ్గాలు మూతపడ్డాయి. చీరల డిజైన్లు గీసే నా పనీ ఆగిపోయింది. అమ్రోలిలో, తెలంగాణ నుంచి వలసొచ్చిన మావాళ్లే ఎక్కువగా ఉండే మా బిల్డింగు మేడ మీదికి సెకండ్‌హ్యాండ్ టెలిస్కోపు మోసుకెళ్లి, దాని ముందు ఫిల్టరు బిగించి రోజూ సూర్యుడి ఫోటోలు తీసేదాన్ని. ఒకరోజు పొద్దున పెద్ద మచ్చల గుంపు దొరికింది. అంచుల్లో నూలు పోగుల్లాంటి గీతలు కూడా కనిపించాయి. సంబరంగా ఆ ఫోటోను బిల్డింగు వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

మధ్యాహ్నానికల్లా మా సొసైటీ ప్రముఖ్, అంటే ప్రెసిడెంటు, దాని పక్కన తన బొమ్మ అతికించి, కింద నాలుగు ముక్కలు రాసి తిరిగి పంపాడు. సూర్యుడిలో కరోనా మాడిపోతోందట, రోజూ కళ్లార్పకుండా సూర్యుణ్ణి చూస్తే రోగం దగ్గరికి రాదట. మర్నాడు మేడ నిండా జనం. అందరూ తలలెత్తి నిలబడ్డారు. వాళ్ల మధ్య ఆయన మాత్రం నల్ల కళ్లజోడు పెట్టుకున్నాడు.

"కాకా, ఏంది గిది? కండ్లు పోతయ్! దిగమను అందరినీ!"

"నువ్వు జర ఊకో బిడ్డా. జనాలకు హిమ్మత్ కావాలె."

నేను అరుస్తుంటే కొందరు దిగిపోయారు. ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అతికించే పక్కింటి అత్త దిగలేదు. ఆమె భర్త అప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు.

వారం తిరక్కుండానే ఆమె మా తలుపు కొట్టింది. "యాడ జూస్తే ఆడ నడిమిట్ల నల్లగ కనబడ్తుంది బిడ్డా. రాయి పెట్టే జాగ దొరుకుతలేదు."

ఆమెను వెంటబెట్టుకుని ప్రముఖ్ దగ్గరికి వెళ్లాను. ఆయన గుట్కా నములుతున్నాడు. మెట్ల మూలన ఉమ్మి, మూతి తుడుచుకుని అన్నాడు:

"నేను జూడుమన్ననా? ఫోటో నీదే గదా."

అప్పటికే గ్రూపులోంచి ఆ మెసేజి తీసేశాడు. ఆ ఎర్రటి ఉమ్మి గోడ మీంచి మెల్లగా జారుతోంది. నేను అక్కణ్ణుంచి కదల్లేదు. అత్త మాత్రం, "పోనీ తియ్యి బిడ్డా, పెద్దమనిషి" అంటూ నా చెయ్యి పట్టుకుని లాగింది. ఆ మాట ఆ ఉమ్మికన్నా రోతగా తోచింది.

ఆసుపత్రులన్నీ కరోనాతో నిండి ఉండడంతో కంటి డాక్టరు దొరికేసరికి వానలు మొదలయ్యాయి. కంటి లోపలి పొర కాలిందనీ, ఇక పూర్తిగా బాగుపడదనీ ఆయన చెప్పాడు. ఆమె భర్త బతికి ఇంటికొచ్చాడు. అది ప్రముఖ్ చెప్పిన చిట్కా పుణ్యమేనని బిల్డింగులో చెప్పుకున్నారు.

తర్వాత బిల్డింగువాళ్లు కింద సభ పెట్టి ప్రముఖ్‌కు శాలువా కప్పారు. ఫోటోలు తీయడానికి నన్నే పిలిచారు. రానన్నాను. కింద చప్పట్లు వినబడుతుంటే అత్త వంటింట్లో ఆమె పక్కన కూర్చుని, ఆమె పూర్తి చేయలేకపోయిన చీర మీద రాళ్లు అతికించాను. ఆ పూట అన్నం సహించలేదు.